ముందు సీటు లెక్క, తర్వాతే కారు లెక్క

ప్రశ్న: వెన్నెముక గాయం తర్వాత చక్రాల కుర్చీలోనే ఉంటున్నాను. జీతం రూ.62 వేలు. రూ.4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అన్నీ కలిపి రూ.8 లక్షలయ్యే కారు కొని నేనే నడపాలనుకుంటున్నాను. డిపాజిట్ మొత్తం డౌన్ పేమెంట్‌గా కట్టేయవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొత్తం కట్టేయకండి. రూ.2 లక్షలు కట్టి, రూ.6 లక్షలు అప్పు తీసుకోండి. 9 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువైతే నెలకు సుమారు రూ.12,455 వాయిదా పడుతుంది. మీ జీతానికి అది భారం కాదు. చేతిలో మిగిలే రూ.2 లక్షలతోనే ఆ కారు మీకు పనికొచ్చే కారవుతుంది. చేత్తో నడిపే బ్రేకు, యాక్సిలరేటర్ అమర్చే ఖర్చు కారు రుణంలో కలవకపోవచ్చు.

బుకింగ్‌కు ముందే మీ కుర్చీతో షోరూముకు వెళ్లండి. ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోంచి డ్రైవరు సీటులోకి మారి చూడండి. సీటు మరీ ఎత్తుగా ఉంటే రోజూ ఒంటి బరువంతా భుజాల మీదే పడుతుంది. మరీ కిందికి ఉంటే దిగడం కష్టం. ఆ తర్వాత కుర్చీని మడిచి, మీరే లోపలికి లాక్కోగలరా? దానికి రోజూ మరో మనిషి కావాలంటే మీరు ఇంత డబ్బు పెడుతున్న ఉద్దేశమే నెరవేరదు. అలాంటి మోడల్‌ను, ధర ఎంత తక్కువైనా, వదిలేయండి. బయటికి తిరిగే సీటు పెట్టించుకుంటే సీటు బెల్టు, సీటులోని ఎయిర్‌బ్యాగ్ ఎప్పటిలాగే పనిచేస్తాయని అమర్చేవారి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. గేర్లు మాత్రం ఆటోమేటిక్ అయి తీరాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్టీ అందరికీ 18 శాతమే. కాబట్టి దివ్యాంగులకు జీఎస్టీ తగ్గించడానికి ఇచ్చే పాత రాయితీ పత్రం కోసం ఆగనవసరం లేదు. దివ్యాంగుల వాహనాలకు అమర్చే కిట్లపై 5 శాతమే వేయాలి, బిల్లు చూసుకోండి. లైఫ్ ట్యాక్స్ మినహాయింపు గురించి రవాణా కార్యాలయంలో ముందే అడగండి.

మార్పులు చేయించాక వాటిని ఆర్‌సీలో తప్పక నమోదు చేయించండి. అప్పుడే బీమాలో సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంపై 50 శాతం తగ్గింపు అడగగలరు. నమోదు లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమే చిక్కుల్లో పడుతుంది. డ్రైవింగ్ లైసెన్సు కూడా ఇలాంటి వాహనానికి చెల్లేదై ఉండాలి.

పాత ఆదాయపు పన్ను విధానంలో దివ్యాంగులకు రూ.75 వేలు, వైకల్యం 80 శాతం లేదా అంతకంటే ఎక్కువైతే రూ.1.25 లక్షల మినహాయింపు ఉంది. మీ జీతానికి కొత్త విధానంలో పన్నే పడదు కనుక దీనికోసం పాతదాన్ని పట్టుకుని ఉండకండి.

కిట్ ఖర్చు పోగా మిగిలినదాన్ని కదిలించకండి. కారు వర్క్‌షాపులో ఉన్న రోజుల్లో ఆఫీసుకు ఆటో ఖర్చు అందులోంచే రావాలి.