పద్నాలుగో వీధిలో కార్లను ఆపిన తరువాత బస్సు కదిలింది

కోఠి, ఆబిడ్స్ వంటి రద్దీ ప్రాంతాల్లోకి సొంత కార్లను రానివ్వకపోతే లాభం ఎవరికి, ఆ రద్దీ అంతా పక్క వీధుల మీద పడదా అని మీరు అడిగారు. న్యూయార్క్‌లో యూనియన్ స్క్వేర్ దగ్గర ఉద్యోగం చేస్తూ, అక్కడి పద్నాలుగో వీధిలో ఇలాంటి మార్పు రాకముందూ వచ్చిన తరువాతా ఆ వీధిలో నడిచే ఎం14 బస్సులోనే తిరిగాను కాబట్టి, అక్కడ చూసినది చెబుతాను.

ఆ వీధి కింద ఎల్ అనే భూగర్భ రైలు (అక్కడ దీన్ని సబ్‌వే అంటారు) నడుస్తుంది. 2012లో శాండీ తుపానుకు ఉప్పునీరు చేరి దెబ్బతిన్న ఆ రైలు సొరంగాన్ని 2019లో పూర్తిగా మూసి బాగుచేయాలని అనుకున్నారు. ఆ ప్రయాణికులను చేరవేయడానికే పైన బస్సులకు దారి ఖాళీ చేయాలన్న ఆలోచన పుట్టింది. సొరంగాన్ని పూర్తిగా మూయకుండానే మరమ్మతు చేయవచ్చని తరువాత తేలినా, నగరపాలకులు ఆ ఆలోచనను వదలలేదు. చుట్టుపక్కల నివాసులు కొందరు కోర్టుకు వెళ్లడంతో ఆలస్యమై, చివరకు అది 2019 అక్టోబర్ 3న అమలులోకి వచ్చింది.

కార్లను అక్కడ పూర్తిగా నిషేధించలేదు. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, దాన్ని అడ్డంగా దాటే మూడో ఎవెన్యూకూ తొమ్మిదో ఎవెన్యూకూ మధ్య నేరుగా సాగిపోయే వీలు బస్సులకు, సరుకు లారీలకు, అత్యవసర వాహనాలకు మాత్రమే ఉంది. కారులో వచ్చినవారు మనిషిని దించవచ్చు, ఎక్కించుకోవచ్చు, కానీ ఆ తరువాత వచ్చే కుడి మలుపులోనే బయటికి వెళ్లిపోవాలి. తప్పినవారిని కెమెరాలు పట్టుకుంటాయి. దుకాణాలకు సరుకు ఆగకపోవడానికి కారణం లారీలను సాగనివ్వడమే.

అంతకుముందు అడ్డంగా నిలిపిన కార్ల వెనుకా, మలుపు కోసం ఆగిన కార్ల వెనుకా చిక్కుకొని ఆ బస్సు నత్తనడక నడిచేది. మార్పు వచ్చిన తొలి రోజుల్లో బస్సులు ఎంత తొందరగా చేరాయంటే, పాత వేళల పట్టికను పాటించడానికి డ్రైవర్లు స్టాపుల్లో కాసేపు ఆగి బయలుదేరవలసి వచ్చింది. మా అమ్మగారు మోకాళ్ల నొప్పుల వల్ల సబ్‌వే మెట్లు దిగలేరు. ఆవిడను ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడు, ఏ వేళకు చేరతామో నమ్మకంగా చెప్పగలగడం మాకు ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. అటువంటి పెద్దవారు, పసిపిల్లల తల్లులు, రైలు మెట్లు దిగలేని వికలాంగులు ఎందరో ఆ బస్సులో ఎక్కేవారు, కాబట్టి అసలు లాభం వీరిదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పక్క వీధుల సంగతి. భయపడినంత రద్దీ అక్కడ పెరగలేదు. దారి లేదని ముందే తెలిస్తే కొందరు బస్సెక్కుతారు, కొందరు వేరే వేళకు వెళతారు, కొందరు కారు తీయడమే మానుకుంటారు.

కోఠిలో ఇలా చేయదలిస్తే సిటీ బస్సులను ముందుగా పెంచాలి. ఆటోలు ఎక్కడ ఆగాలో, దుకాణాలకు సరుకు ఏ వేళల్లో దించుకోవాలో వ్యాపారులతోనూ ఆటో డ్రైవర్లతోనూ కూర్చుని నిర్ణయించిన తరువాతనే కార్లను ఆపాలి.