ఎకోలో ఈఎఫ్ 60 శాతం ఉంటే గుండె కుడివైపు కూడా బాగున్నట్టేనా?

కాదు. ఎకో అంటే గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష. అందులో ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్) చెప్పేది ఎడమ జఠరిక, అంటే గుండె కింది ఎడమ గది, ప్రతి స్పందనకూ తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతోందన్న సంగతి. పల్మనరీ హైపర్‌టెన్షన్‌లో, అంటే ఊపిరితిత్తుల ధమనుల్లో ఒత్తిడి పెరిగినప్పుడు, ఆ భారం మోసేది కుడి జఠరిక, దాన్ని విడిగా కొలవాలి.

కుడి జఠరిక గోడ పలచన, తక్కువ ఒత్తిడికి అలవాటుపడింది. ఎదురొత్తిడి పెరిగితే ముందు మందమవుతుంది, తర్వాత సాగిపోతుంది. దాని ఆకారం వంకరటింకర కాబట్టి మామూలు ఎకోలో ఈఎఫ్ లాంటి ఒకే అంకెతో తేల్చడం కష్టం. అందుకే ట్రైకస్పిడ్ కవాటం (కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య ఉండే కవాటం) అంచు ప్రతి స్పందనకూ గుండె కొనవైపు ఎంత జరుగుతోందో చూస్తారు. అదే టాప్సీ. 17 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే కుడివైపు పంపింగ్ తగ్గినట్టు లెక్క. కుడి జఠరిక సైజు, రెండు జఠరికల మధ్యగోడ ఎడమవైపు నొక్కుకుపోవడం కూడా చూడాల్సిందే. ఏ ఒక్క అంకెనూ నమ్ముకోకూడదు.

టెక్కలి నుంచి శ్రీకాకుళం వచ్చి ఎకో తీయించుకున్న ఒకావిడ రిపోర్టులో ఈఎఫ్ 60 శాతం, టాప్సీ 13 మిల్లీమీటర్లు, ట్రైకస్పిడ్ లీకు (ఆ కవాటం గుండా రక్తం వెనక్కి కారడం) వేగం సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే 64 (మిల్లీమీటర్ల పాదరసం). దానికి కుడి కర్ణిక (గుండె పై కుడి గది) ఒత్తిడి కలిపితే ఊపిరితిత్తుల ధమనిలో పై ఒత్తిడి (సిస్టోలిక్) అంచనాగా వస్తుంది. ఈఎఫ్ చూసి ఊరుకుంటే ఆవిడ ఆయాసానికీ కాళ్ల వాపుకీ కారణం దొరకదు.

ఈ ఒత్తిడి అంకె తగ్గితే జబ్బు తగ్గినట్టేనని చాలామంది సంబరపడతారు. కుడి జఠరిక బాగా నీరసించి ఒత్తిడి పుట్టించలేకపోయినా అంకె తగ్గుతుంది. టాప్సీ కూడా పడిపోతుంటే అది ప్రమాద సూచన.