పుస్తకంలో లేని రూల్

ట్రిప్లికేన్, చెన్నై

తమ్ముడూ,

ఆటల్లో జాతివివక్ష మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1947 ఏప్రిల్ 15న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అమెరికా బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగడంతో మొదలుపెట్టావు. ఆయన వేసుకున్న 42వ నంబరును బేస్‌బాల్ జట్లన్నీ గౌరవంగా పక్కన పెట్టడంతో ముగించావు. బాగానే ఉంది. కానీ దిగిన రోజు గురించి అందరూ రాస్తారు. దిగనివ్వని అరవై ఏళ్ల మాటేమిటి?

ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు 1884లోనే టొలీడో జట్టు తరఫున పెద్ద లీగులో, అంటే మేజర్ లీగులో ఆడాడు. ఆ తర్వాత దారి మూసేశారు. నల్లవాళ్లను తీసుకోకూడదని మేజర్ లీగుల రూల్ పుస్తకంలో ఎక్కడా లేదు. ఓనర్లు తమలో తాము అనుకున్నారు, అంతే. మనం అద్దె ఇల్లు అడిగితే, కులం కనుక్కున్నాక "మా బంధువులు దిగుతున్నారండీ" అంటారు చూడు, ఆ బాపతు. నువ్వు పట్టుకోవాల్సింది దాన్ని.

జోష్ గిబ్సన్ పేరు నీ వ్యాసంలో లేనే లేదు. నల్లవాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగుల్లో ఆడాడు. 1947 జనవరిలో, రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే పోయాడు. 2024లో ఆ లీగుల లెక్కలను మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపితే, కెరీర్ బ్యాటింగ్ సగటులో తెల్లజాతి ఆటగాడు టై కాబ్‌ను దాటి మొదటి స్థానం ఆయనదైంది. చనిపోయిన 77 ఏళ్లకు!

ఇంకో సంగతి. "ఘోరమైన వివక్ష" అని ఆరుచోట్ల రాశావు. మన పల్వంకర్ బాలూ సంగతి చూడు. 1911లో ఇంగ్లండ్ టూర్‌లో వందకు పైగా వికెట్లు తీసిన స్పిన్నర్, దళితుడు. పూనాలో టీ టైమ్‌కి తోటివాళ్లు లోపల కూర్చుంటే, ఆయనకు బయట, మట్టి ముంతలో పోసేవారు. ఆ ముంత రాస్తే నీ ఆరు "ఘోరాలూ" కొట్టేయొచ్చు. జాతి వేరు, కులం వేరు అంటావేమో. రెండూ ఒకటేనని నేనూ అనను. పక్కపక్కన పెట్టి ఊరుకో.

ఇక నా సంగతి. చాలా ఏళ్ల కిందట చెపాక్‌లో వెస్టిండీస్ మ్యాచ్. బౌండరీ దగ్గర ఫీల్డర్, మెడ మీద తడి తువ్వాలు. మా వరుసలో ఒకాయన, తెలుగాయనే, "ఒరేయ్ నల్లోడా, ఇటు చూడరా!" అని కేకేశాడు. ఆయన నాకంటే నలుపు. ఫీల్డర్ తిరిగి చూసి, నవ్వి, చెయ్యి ఊపాడు. అభిమానంతో పిలుస్తున్నారనుకున్నాడు పాపం. వరుసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

హైదరాబాద్ ఐపీఎల్ జట్టులో ఉండగా తనను "కాలూ" (హిందీలో నల్లోడు) అని పిలిచేవారనీ, దానికి బలమైన గుర్రమని అర్థమేమో అనుకున్నాననీ వెస్టిండీస్ ఆటగాడు డారెన్ సామీ 2020లో చెప్పాడు. అది చదవగానే నాకు ఆ ఊపిన చెయ్యే గుర్తొచ్చింది. మరుసటి జనవరిలో సిడ్నీలో ప్రేక్షకులు సిరాజ్‌ను తిడితే మనందరికీ ఒళ్లు మండింది. మండాల్సిందే. కానీ ఈ ఊరి ఆటగాడే అభినవ్ ముకుంద్, ఒంటి రంగు మీద ఏళ్లుగా మాటలు పడుతున్నానని 2017లో చెప్పుకున్నప్పుడు, మన ఇళ్లలో ఎవరికి మండింది?

వ్యాసం మళ్లీ రాయి. నువ్వు నవ్విన రోజు ఏదైనా ఉంటే అక్కణ్నుంచి మొదలుపెట్టు. ఆదివారం వచ్చేటప్పుడు ప్రింటవుట్ తీసుకురా, ఫోన్‌లో చదివితే నాకు కళ్లు లాగుతున్నాయి.

మీ అన్నయ్య