కొండదారిలో 50 కిలోమీటర్ల పరుగు: బీపీ మాత్ర వేసుకునేవారు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 44 సంవత్సరాలు. తిరుపతిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటాను. బీపీ 130/84 దగ్గర ఉంటోంది, షుగర్ లేదు. హాఫ్ మారథాన్‌లు (21 కిలోమీటర్ల పరుగులు) పూర్తిచేశాను. ప్రతి శనివారం అలిపిరి మెట్లెక్కి, దర్శనం కుదిరితే చేసుకుని, బస్సులో దిగివస్తాను. డిసెంబరులో పశ్చిమ కనుమల్లో కాఫీ తోటల మధ్య జరిగే 50 కిలోమీటర్ల ట్రెయిల్ పరుగుకు పేరిచ్చాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తోంది కాబట్టి, ఎక్కువ దూరం పరుగెత్తే రోజున ముందే ఒక డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నాను. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. నేను ఈ పరుగులో పాల్గొనవచ్చా? దారిలో నీళ్లు ఎంత తాగాలి? – ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీరు అడిగినవాటికన్నా ముందు, మీరు మామూలు విషయంగా రాసిన ఒక మాట గురించి చెప్పాలి. పరుగుకు ముందు డైక్లోఫెనాక్ వేసుకోవడం ఈ రోజుతోనే మానేయండి. మూత్రపిండంలోని వడపోత గుత్తిలోకి రక్తాన్ని తెచ్చే నాళాన్ని ఈ మాత్ర బిగిస్తుంది, అక్కడి నుంచి రక్తాన్ని బయటికి పంపే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపేస్తుంది. ఈ మూడూ కలిసిన రోజున మీరు ఎనిమిది తొమ్మిది గంటల పాటు చెమటోడ్చి పరుగెత్తితే, వడపోతకు కావలసిన పీడనం పడిపోయి మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉంది. దానికితోడు గంటల తరబడి కొండ దిగడం వల్ల కండరాలు చితికి, వాటిలోని ప్రొటీన్ రక్తంలో కలిస్తే ఆ భారం కూడా మూత్రపిండాల మీదే పడుతుంది. పరుగు తరువాత మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా, చాలాసేపు రాకపోయినా, ఇంటికి వెళ్లి పడుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరుకుతోంది కదా అని నొప్పి మాత్రను మజ్జిగలా వాడే అలవాటు మన రన్నర్లలో ఎక్కువగా కనిపిస్తోంది. డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుందనీ, గుండెకూ మంచిది కాదనీ చాలామందికి తెలియదు. అలాగని బీపీ మాత్రను మీ అంతట మీరు మానకండి. దూరపు పరుగులు చేస్తున్నారని మీ వైద్యుడికి చెబితే, నీటిని బయటికి పంపే మందు లేని మరో కలయికకు మార్చే వీలుందేమో ఆయన చూస్తారు. ఆ మార్పు పరుగుకు కనీసం రెండు నెలల ముందే జరగాలి.

ఇక గుండె సంగతి. తండ్రికి 55 ఏళ్ల లోపు గుండెపోటు రావడం, మీకు నలభై దాటడం, బీపీ ఉండటం, ఈ మూడూ కలిసినప్పుడు పరీక్షలు లేకుండా ‘పాల్గొనండి’ అని ఏ వైద్యుడూ చెప్పకూడదు. ఈసీజీ, ఎకో (గుండె స్కానింగు), టీఎంటీ (ట్రెడ్‌మిల్‌పై నడిపించి చేసే గుండె పరీక్ష)తో పాటు కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), ఒంట్లోని లవణాలైన సోడియం, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూపించుకోండి. మీ ఊళ్లోని స్విమ్స్ ఆసుపత్రిలోనే హృద్రోగ విభాగం ఉంది కాబట్టి ఇందుకోసం చెన్నైకో వేలూరుకో వెళ్లనవసరం లేదు. టీఎంటీ బాగుంటే రక్తనాళాల్లో ఎక్కడా పూడిక లేదని అర్థం కాదు, ఎక్కువ శ్రమలో రక్త ప్రసారానికి పెద్ద అడ్డంకి కనిపించలేదని మాత్రమే అర్థం. అందువల్ల మీ కుటుంబ చరిత్రను బట్టి కార్డియాలజిస్టు మరో పరీక్ష రాస్తే అనుమానించకండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, మునుపెన్నడూ లేనంత ఆయాసం వంటివి వస్తే పరుగు మాట పక్కనపెట్టి అదే రోజు వైద్యుణ్ణి కలవాలి.

నీటి విషయంలో మీ ప్రశ్నే చాలామందిది. దాహం వేయకముందే తాగాలి, ఎంత తాగితే అంత మంచిది అన్న సలహా దూరపు పరుగుల్లో ప్రాణాలు తీసింది. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తాన్ని పరీక్షించినప్పుడు, 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన దానికన్నా తక్కువగా ఉంది. పరుగు మధ్యలో బరువు పెరిగేంతగా నీళ్లు తాగినవారిలో ఈ లోపం ఎక్కువగా కనిపించింది. సోడియం బాగా పడిపోతే మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం దీని గుర్తులు. ఇవే లక్షణాలను పక్కనున్నవారు ‘నీరసం, డీహైడ్రేషన్’ అనుకుని మరో రెండు సీసాలు తాగించడంతో పరిస్థితి ఇంకా విషమిస్తుంది. మీరు వాడే హైడ్రోక్లోరోథయజైడ్ కూడా సోడియంను తగ్గించేదే. కాబట్టి దాహం వేసినప్పుడు తాగండి, దాహం లేకపోతే బలవంతంగా తాగకండి. మీకు ఎంత కావాలో తెలుసుకోవాలంటే, సాధన రోజున పరుగుకు ముందూ తరువాతా తడి బట్టలు లేకుండా బరువు చూసుకోండి: కిలో, కిలోన్నర తగ్గితే ఫరవాలేదు, పెరిగితే అవసరానికి మించి తాగినట్టే. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. బీపీ ఉంది కదా అని ఆ రోజు ఉప్పు పూర్తిగా మానడం పొరపాటు. అయితే ఉప్పు బిళ్లలు మింగుతూ లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే సోడియం నిలబడుతుందనుకోవడం కూడా పొరపాటే. ఆహారం గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా చూసుకుంటే చాలు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. మీకు అలవాటైన పల్లీ చిక్కీ, అటుకులు వంటివే ఆ రోజూ తినండి. రన్నర్లు శక్తి కోసం తినే కొత్త జెల్‌లను మొదటిసారి అక్కడ ప్రయత్నించకండి.

మోకాలి నొప్పికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. మీరు ప్రతి వారం సుమారు 3,550 మెట్లు ఎక్కుతున్నారు, దిగేది మాత్రం బస్సులో. ఎక్కడానికి గుండె, ఊపిరితిత్తులు కావాలి. దిగడానికి తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, ఆ పని మీ కండరానికి అలవాటు కాలేదు. ఎంత ఎక్కితే దాదాపు అంత దిగవలసి వచ్చే ట్రెయిల్‌లో ఈ లోటు బయటపడుతుంది. ముందు ఒక ఎముకల వైద్యుడికో ఫిజియోథెరపిస్టుకో మోకాలు చూపించి, చిప్ప చుట్టూ వచ్చే నొప్పే తప్ప మోకాలి లోపలి నెలవంక ఆకారపు మృదులాస్థి (మెనిస్కస్) చిరగడం వంటిది లేదని తేల్చుకోండి. తరువాత ఇంట్లో మెట్టు మీద కుడికాలితో నిలబడి, ఎడమ మడమ కింది మెట్టును తాకేదాకా మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దించి, మళ్లీ పైకి లేవండి. మోకాలు లోపలికి వాలకుండా కాలి రెండో వేలికి సూటిగా ఉండేలా చూసుకోండి. నెల రోజులు ఇది చేశాక, గాలిగోపురం దాకా ఎక్కి కాలినడకన దిగడం మొదలుపెట్టండి, పదిహేను రోజులకు ఒకసారి చాలు. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు తొడలు పట్టేయడం సహజం; అలా ఒకసారి నొచ్చిన కండరం తరువాతి దిగుడును తేలిగ్గా తట్టుకుంటుంది. మెట్లపై మొక్కుకున్నవారు రాసిన పసుపు, కుంకుమ, కర్పూరపు మసి తడిసినప్పుడు కాలు జారుతుంది, పైగా అది భక్తులు నడిచే దారి, కాబట్టి అక్కడ పరుగెత్తకండి. 2023లో ఆ దారిలోనే చిరుత ఒక చిన్నారిని పొట్టనపెట్టుకుంది. టీటీడీ చెప్పిన వేళలను పాటించి, ఒంటరిగా కాకుండా గుంపుతో నడవండి.

తిరుపతి ఎండకు అలవాటుపడినవారు కొండల్లోని చలిని తేలిగ్గా తీసుకుంటారు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు మధ్యలో వడగళ్లు, చలివాన, ఈదురుగాలి ముంచుకొచ్చి 21 మంది చనిపోయారు. చాలామంది పలుచని బట్టల్లోనే ఉన్నారు. పశ్చిమ కనుమల్లో అంత చలి ఉండదు కానీ, చెమటకు తడిసిన ఒళ్లు అలసిపోయి నడకకు దిగినప్పుడు వేడి త్వరగా తగ్గిపోతుంది. వానకోటు, ఒక పొడి బనియను, టార్చి లైటు సంచిలో తప్పక ఉండాలి, నిర్వాహకులు అడిగినా అడగకపోయినా.

పరీక్షలన్నీ బాగున్నా, ఈ డిసెంబరుకు 50 కిలోమీటర్లు వద్దనే నా అభిప్రాయం. హాఫ్ మారథాన్ నుంచి ఒక్కసారిగా అంత దూరపు కొండదారికి, అదీ నొప్పి ఉన్న మోకాలితో, మందు మారుస్తున్న సమయంలో వెళ్లడం తొందరపాటు. అదే పరుగులో 25, 30 కిలోమీటర్ల విభాగం ఉంటే నిర్వాహకులకు రాసి దానికి మార్పించుకోండి. అది నొప్పి మాత్ర లేకుండా పూర్తయి, పరుగు తరువాతి వారంలో చేయించిన క్రియాటినిన్ మామూలుగా ఉంటే, వచ్చే ఏడాది 50 కిలోమీటర్ల గురించి మీ కార్డియాలజిస్టుతో మాట్లాడవచ్చు.