పాత ర్యాలీ, హంబర్ సైకిళ్లు ఎక్కడ దొరుకుతాయి? కొన్నాక ఎలా బాగుచేసుకోవాలి?

మీరు అడిగినవి మూడు. ఇంగ్లండులో తయారైన పాత సైకిలు మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది, అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, కొన్నాక రంగు వేయించాలా వద్దా. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అక్కడే నేను ఒక మంచి సైకిలు పాడుచేసుకున్నాను. రంగు వేయించకండి. కనీసం ఆరు నెలలు ఆ ఆలోచనే పెట్టుకోకండి.

నా మొదటి ర్యాలీ 2012లో మూడున్నర వేలకు దొరికింది. ఒళ్లంతా మట్టి, జిడ్డు, అక్కడక్కడ తుప్పు. ఇంటికి తెచ్చిన మర్నాడే కార్లకు రంగులు వేసే షెడ్డులో ఇచ్చేశాను. వాళ్లు ఫ్రేమంతా గీకి, పుట్టీ పెట్టి, నల్లరంగు స్ప్రే చేసి ఇచ్చారు. కొత్తదానిలా మెరిసింది. కానీ మడ్‌గార్డు అంచున ఉండాల్సిన బంగారు గీత పోయింది, గొట్టం మీది అక్షరాలు పోయాయి, సీటు కింద ఉండే ఫ్రేము నంబరు పుట్టీలో పూడిపోయింది. నల్లరంగు ఎప్పుడైనా ఎవరైనా వేస్తారు. ఫ్యాక్టరీలో గీసిన ఆ గీత మాత్రం ఒకసారి పోతే పోయినట్టే.

అంతకంటే పెద్ద నష్టం బాటమ్ దగ్గర, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోట జరిగింది. తొక్కుతుంటే కటకటమంటోందని ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఆ ఇరుసుకి రెండు వైపులా బాల్సులు పట్టి ఉంచే కప్పులు అరిగిపోయాయని చెప్పి బజార్లో దొరికే కొత్త కప్పులు బిగించబోయారు. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. పెద్ద స్పానరు వేసి, దానికి పైపు తొడిగి, బలవంతంగా తిప్పారు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను, అది తప్పని నాకూ తెలియదు. మామూలు కప్పు మీద అంగుళం పొడవులో 24 మరచుట్లు ఉంటాయి. నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీకి 26. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, వేలితో తిప్పితే మొదట ఎక్కుతుంది కూడా. బలం పెడితే ఫ్రేము లోపలి మరంతా తెగిపోతుంది. నా ఫ్రేము అలాగే పోయింది. ర్యాలీ వాళ్లు 1932లో హంబర్ సైకిళ్లను, 1943లో రడ్జ్ అనే ఇంకో సైకిలు కంపెనీని కొనేశారు కాబట్టి, ఆ తర్వాత వాళ్ల ఫ్యాక్టరీలో తయారైన ఆ పేర్ల సైకిళ్లతోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఈ సంగతంతా నాకు తర్వాత అమెరికాలోని షెల్డన్ బ్రౌన్ అనే మెకానిక్ రాసిపెట్టిన పేజీల్లో తెలిసింది. ఆయన 2008లో పోయారు, పేజీలు ఇప్పటికీ నెట్‌లో ఉన్నాయి. ఇంగ్లీషు సైకిలు మీద స్పానరు పెట్టే ముందు అవి చదవండి.

ఇక ఎక్కడ దొరుకుతాయంటే, హైదరాబాదులో అందరూ చెప్పేవి రెండు. పురానాపూల్ దగ్గర గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత. రెండు చోట్లా చాలాసార్లు తిరిగాను. పాత బెల్లు, ల్యాంపు, డైనమో, పెడల్ లాంటి విడిభాగాలకు అవి మంచి చోట్లే. పొద్దున్నే వెళ్లాలి. పూర్తి సైకిలు మాత్రం నాకు ఒక్కసారీ అక్కడ దొరకలేదు. ఆన్‌లైన్ ప్రకటనల్లో దొరుకుతాయి గానీ, పేరు చూసి ధర పెంచేస్తున్నారు.

నాకు దొరికినవన్నీ పాత సైకిలు షాపు పెద్దాయనల దగ్గర ఆరా తీస్తేనే దొరికాయి. ఒకే ఊళ్లో నలభై ఏళ్లు పంక్చర్లు వేసినాయనకి ఏ ఇంట్లో ఏ సైకిలు ఉందో, అది ఎప్పుడు మూలన పడిందో అంతా తెలుసు. ఆయన దగ్గర ఓ గంట కూర్చోండి, మీ సైకిలుకి గాలి కొట్టించుకోండి, తర్వాత అడగండి. అప్పట్లో ఇంగ్లీషు సైకిలు కొనగలిగినవాళ్లు ఎవరు? బడిపంతుళ్లు, కరణాలు, డాక్టర్లు, కాస్త భూమి ఉన్నవాళ్లు. పెళ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టిన రోజులవి. ఆ ఇళ్లలో పశువుల కొట్టంలోనో, ధాన్యపు గదిలోనో, మెట్ల కిందో ఇంకా ఉన్నాయి.

నా దగ్గరున్న హంబర్ అలా తెనాలి దగ్గర ఒక పల్లెలో దొరికింది. పోయిన మాస్టారిగారి సైకిలు. మామ్మగారు ముందు అమ్మనన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు, "బాబూ, దీన్ని ముక్కలు చేసి అమ్ముకోవుగా?" అని అడిగారు. అమ్మనని చెప్పాను. "ఆ బెల్లు మాత్రం మార్చకు. ఆయన వీధి మలుపు తిరిగారని దాంతోనే తెలిసేది" అన్నారు. లూకాస్ వాళ్ల బెల్లు అది, లోపల స్ప్రింగు విరిగిపోయి ఉంది. స్ప్రింగు వేయించి, బాగయ్యాక సైకిలు తొక్కుకుంటూ వెళ్లి ఆవిడ గుమ్మం ముందు మోగించి వచ్చాను. ఇలా ఇళ్లలోంచి కొనేటప్పుడు గట్టిగా బేరం ఆడకండి. వాళ్లు అమ్మేది పాత ఇనుము కాదు.

అసలుదో కాదో గుర్తుపట్టడానికి స్టిక్కరు చూడకండి, స్టిక్కర్లు ఇప్పుడు ఎవరైనా ప్రింటు చేస్తారు. చైన్‌వీలు, అంటే పెడళ్ల దగ్గర చైను తిరిగే పళ్ల చక్రం చూడండి. ర్యాలీదైతే మధ్యలో కొంగ తలలు మూడు ఉంటాయి. హంబర్‌కి పరిగెత్తే మనుషుల బొమ్మలు. రడ్జ్‌కి అరచేయి. బీఎస్ఏకి ఆ మూడు అక్షరాలే. ఆ కంపెనీ మొదట తుపాకులు చేసేది, అందుకే దాని గుర్తులో మూడు రైఫిళ్లు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. హంబర్‌కి ఇంకో గుర్తు ముందు ఫోర్కు, చక్రానికి అటూ ఇటూ రెండేసి సన్నని గొట్టాలు దిగుతాయి. దూరం నుంచే తెలిసిపోతుంది. హ్యాండిల్ మెడ, హబ్బు, పెడల్, క్రాంకుల (పెడల్ బిగించే ఇనుప చేతుల) మీద కూడా పేరు అచ్చుపోసి ఉందేమో జిడ్డు తుడిచి చూడండి. ఫ్రేము తలకాయ (హ్యాండిల్ కింది నిలువు గొట్టం) దగ్గరి ఇత్తడి బిళ్లకు కొట్టిన రివెట్లు కొత్తగా కనబడితే అనుమానించాల్సిందే.

సంవత్సరం తెలుసుకోవడం కష్టమే. వెనక హబ్బు స్టర్మీ ఆర్చర్ అనే కంపెనీ చేసిన మూడు గేర్లదైతే మీ అదృష్టం, దాని డొప్ప మీదే సంవత్సరం, నెల కొట్టి ఉంటాయి. 54 5 అని ఉంటే 1954 మే అన్నమాట. అది హబ్బు పుట్టిన తేదీ, చక్రం మధ్యలో మారి ఉండొచ్చు. మన దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ గేర్లు లేనివే కనుక చాలామందికి ఈ దారి ఉండదు.

కొనేముందు ఫ్రేము, ఫోర్కు వంకర లేకుండా ఉన్నాయా, సీటు గొట్టం కదులుతోందా, హ్యాండిల్ మెడ కదులుతోందా అని మాత్రం తప్పకుండా చూడండి. ఆ రెండూ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే ఊడదీయడానికి వారాలు పడుతుంది. టైర్లు, ట్యూబులు, పుల్లలు, చైను, బ్రేకు కట్టలు ఎంత పాడైనా బెంగ లేదు. పల్లెటూరి షాపులో కూడా 28 x 1½ టైరు దొరికే దేశం మనది. ఇంగ్లండు లెక్క ప్రకారం ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. మన నల్ల సైకిళ్లదీ అదే లెక్క కాబట్టి రిమ్ములు, పుల్లలు సరిపోతాయి.

శుభ్రం చేయడం గురించి కొంచెం వివరంగా చెప్తాను, నిజమైన పని అక్కడే ఉంది. హంబర్‌ని తెచ్చినప్పుడు గొట్టాల మీద మట్టి, నూనె కలిసి గట్టిపడి బెరడులా ఉంది. కింది గొట్టం మీద తడిగుడ్డ వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున సబ్బునీళ్లలో ముంచిన పాత బనీను గుడ్డతో, నొక్కకుండా, ఒకే వైపుకి తుడుస్తూ పోయాను. పదిహేను నిమిషాలకి ఒక బంగారు రంగు గీత కనపడింది, తర్వాత అక్షరం కాలు, తర్వాత హెచ్, దాని పక్కన యూ. అరవై ఏళ్లు పైబడిన ఆ రంగు మట్టి కింద భద్రంగా ఉంది. పాత కంపెనీలు రంగు పని ఎంత శ్రద్ధగా చేసేవో చెప్పాలంటే, 1950ల్లో ర్యాలీ వాళ్లు రంగుకి ముందు ఇనుముకి తుప్పు పట్టకుండా వేరే పూత కూడా వేసేవారు. ఆ అక్షరాల మీద థిన్నరు, పెట్రోలు, స్పిరిట్ ఏదీ తగలనివ్వకండి, నిమిషంలో లేచిపోతాయి. ఇత్తడి బిళ్లని కూడా మన ఇళ్లలో చెంబులు తోమినట్టు చింతపండుతో తోమొద్దు, పల్లాల్లోని రంగు పోతుంది. తుడిచి ఆరాక కార్లకి వాడే మైనం పాలిష్ పలుచగా పట్టిస్తే చాలు.

రిమ్ములు, హ్యాండిల్ మీది పైపై తుప్పుకి అల్యూమినియం రేకు కాగితం ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దండి. లోతైన తుప్పుకి ఆక్సాలిక్ యాసిడ్ పొడి వాడాను, బకెట్ నీళ్లకి నాలుగు చెంచాలు, ప్లాస్టిక్ తొట్టిలో ఒక రాత్రి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, నూనె రాయాలి. ఆ యాసిడ్ విషం. గ్లౌజులు వేసుకుని ఆరుబయటే చేయండి, పిల్లలకు అందనివ్వకండి. జింకు పూత ఉన్న పుల్లలు, అల్యూమినియం సామాన్లు అందులో వేయొద్దు, పూత తినేస్తుంది.

క్రాంకులు ఊడదీయడం అందరికీ టెన్షన్ పెట్టే పని. క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను నట్టు తీసేసి సుత్తితో బాదేస్తారు, మర చితికి పిన్ను వంగుతుంది, ఇక రాదు. పిన్నుకి మూడు రోజులు పొద్దునా సాయంత్రం డీజిల్ చుక్కలు వేయండి (కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టం). తర్వాత నట్టు మొత్తం తీయకుండా, పిన్ను కొసకి సమానంగా వచ్చేదాకా వదులు చేయండి, అది మరని కాపాడుతుంది. పిన్ను తల దూరేంత బోలు ఉన్న ఇనుప పైపు ముక్కని నేల మీద నిలబెట్టి, దాని మీద క్రాంకు ఆనేలా సైకిలుని ఎవరినైనా పట్టుకోమనండి. అప్పుడు బరువైన సుత్తితో ఒకే గట్టి దెబ్బ. కింద ఆధారం లేకపోతే దెబ్బంతా లోపలి బాల్సుల మీద పడి కప్పులో గుంతలు పడతాయి. చిన్నచిన్న దెబ్బలు పది వేసే బదులు సరైనది ఒకటి వేయాలి.

బాటమ్‌లో కుడివైపు కప్పుది ఎడమ మర, విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. అసలు దాన్ని విప్పకండి. ఎడమవైపు కప్పు తీస్తే యాక్సిల్ బయటికి వస్తుంది, కుడి కప్పు లోపల ఉండగానే గుడ్డతో తుడుచుకోవచ్చు. పావు అంగుళం బాల్సులు ఒక్కో వైపు 11 వేసి గ్రీజు పెట్టండి. వెనక హబ్బులో అవే 9 చొప్పున, ముందు హబ్బులో 3/16 అంగుళానివి 10 చొప్పున. పాత బాల్సులు మెరుస్తున్నా మళ్లీ వాడొద్దు, మొత్తం సెట్టు మార్చేయండి. పెద్ద ఖర్చేమీ కాదు.

బ్రూక్స్ తోలు సీటు ఉంటే వదులుకోకండి. 1866 నాటి బర్మింగ్‌హామ్ కంపెనీ అది. ఎండి బిగుసుకుపోయిన తోలు మీద వెంటనే కూర్చుంటే చీలుతుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె రాస్తే మెత్తబడి ఉయ్యాలలా వేలాడుతుంది. తోలు సీట్ల కోసం అమ్మే మైనమే పలుచగా, వారానికోసారి, రెండు నెలలు పట్టించాను. మాస్టారిగారు కూర్చున్న ఆకారం ఆ తోలు మీద అలాగే ఉంది.

ఇంకొక మాట చెప్పాలి. ఇంగ్లండు పేరు కోసమే వెతక్కండి. అసన్సోల్‌లో తయారైన సేన్ ర్యాలీ, మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ కంపెనీ వాళ్ల హెర్క్యులస్, ఫిలిప్స్, సోనీపత్ అట్లాస్, వీటిని చాలామంది పాత ఇనుముకి వేసేస్తున్నారు. 1951లో మొదలైన అట్లాస్‌కి మిగిలిన సాహిబాబాద్ ఫ్యాక్టరీ కూడా 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినం నాడే, మూతపడింది. మన నాన్నలూ తాతలూ పొలానికీ కాలేజీకీ వెళ్లింది ఎక్కువగా వీటి మీదే. రోజూ తొక్కడానికి కావాలంటే నేనైతే 1970ల హెర్క్యులస్సే కొనమంటాను. ధర తక్కువ, మరల గొడవ లేదు, ఏ షాపులోనైనా చేస్తారు.

ఇక ఖర్చు సంగతి. హంబర్ కొన్న ధర కాక టైర్లు, ట్యూబులు, చైను, బాల్సులు, బ్రేకు కట్టలు, సీటు మైనం అన్నీ కలిపి నాకు నాలుగు వేలు దాటలేదు. ఆదివారాలు మాత్రం పదకొండు పట్టాయి. సైకిలు దొరికాక ఏదైనా విప్పే ముందు చైన్‌వీలు వైపు ఒకటి, సీటు కింద నంబరు కనబడేలా ఒకటి ఫోటోలు తీసి పెట్టండి. 26 మరదో 24 మరదో తేల్చుకున్నాకే కప్పు మీద స్పానరు పెడదాం.