కొత్త అయ్యేదాకా కాయ ముట్టని ఊరు

ప్రశ్న: ప్రపంచంలోని గిరిజన తెగల ఆచారాల్లో మిమ్మల్ని బాగా ఆలోచింపజేసినది ఏది?

ఇలాంటి ప్రశ్నకి ఎక్కువమంది ఒళ్లు జలదరించే ఆచారాలే చెబుతారు. నాకు మాత్రం బాగా పట్టుకున్నది చాలా మామూలుగా కనిపించే ఆచారం, 'కొత్త'. చెట్టున కాయ ఉన్నా, చేతికి అందుతున్నా, ఊరంతా కలిసి దేవతకి పెట్టేదాకా ఎవరూ నోట్లో పెట్టుకోరు.

మాది కోనసీమ. టీచరుగా కొన్నేళ్లు మారేడుమిల్లి వైపు కొండరెడ్లు అనే గిరిజన తెగవాళ్ల ఊరొకదానిలో పనిచేశాను. బడి పక్కనే పెద్ద నాటు మామిడిచెట్టు ఉండేది. మా వైపు బడిలో అలాంటి చెట్టు ఉంటే పిందె దశలోనే ఖాళీ అయిపోతుంది. ఉప్పూకారం పొట్లాలు జేబులో పెట్టుకుని తిరిగిన బాల్యం మాది. అక్కడి పిల్లలు గాలికి రాలిన కాయని కూడా కొరికేవాళ్లు కాదు. ఎందుకర్రా అంటే, మూడో తరగతి పిల్లాడు "ఇంకా కొత్త అవలేదండి మాస్టారూ" అన్నాడు. ఎవరూ కాపలా లేరు, ఎవరూ కర్ర పట్టుకుని నిలబడలేదు.

కొన్నాళ్లకి పెద్దకాపు (ఊరి పెద్ద), పూజారి కూర్చుని రోజు ఖాయం చేశారు. ఇంటింటి నుంచీ బియ్యం, కోళ్లు వచ్చాయి. మొదటి కాయలు దేవతకి పెట్టి, కోడిని కోసి, ఆ తరవాత అందరూ తిన్నారు. మామిడికే కాదు, చిక్కుడుకీ, సామకీ, కొర్రకీ అలాగే కొత్త చేస్తారు. కోయవాళ్లలోనూ ఇదే పద్ధతి. ముందే తింటే ఊరికి కీడు అని నమ్మకం.

ఆ నమ్మకం వెనక ఏముందో వానాకాలంలో తెలిసింది. కొండరెడ్లకి మామిడి పండుతో అయిపోదు, టెంక కూడా తిండే. టెంకల్లోని జీడిని ఎండబెట్టి దాచుకుంటారు. పారే వాగునీటిలో రోజుల తరబడి నానబెట్టి వగరు పోగొట్టి, దంచి, అంబలి కాస్తారు. పోడు పంట చేతికి రాని రోజుల్లో చాలా ఇళ్లకి అదే ఆధారం. మా డెల్టాలో ఆవకాయకి కాయ కోస్తే మనకేం లోటు లేదు, బియ్యం ఉన్నాయి. అక్కడ పిందెలు రాల్చేస్తే ఆ టెంక ముదరదు, వానల్లో అంబలి ఉండదు. పైగా అడవి చెట్టు ఎవరి సొంతమూ కాదు. ముందు లేచినవాడు ముందు దులుపుకుపోతే ముసలివాళ్లకీ, ఒంటరి ఆడవాళ్లకీ ఏం మిగులుతుంది? అందుకే ఒకే రోజు అందరికీ మొదలు. ఇది నా ఆలోచన, వాళ్లు ఇలా వివరించి చెప్పలేదు. వాళ్లకి అది భూదేవికి ఇవ్వాల్సిన మర్యాద, అంతే.

తరవాత చదువుతుంటే ఇదే ఆచారం ఎక్కడెక్కడో కనిపించింది. అమెరికాలో మస్కోగీ తెగవాళ్లు కొత్త మొక్కజొన్న పండుగ అయ్యేదాకా ఆ ఏటి కండె తినరు. ఉపవాసం ఉంటారు, పాత నిప్పు ఆర్పి కొత్త నిప్పు రాజేస్తారు, పాత తగాదాలు మాఫీ చేసుకుంటారు. 1830లలో వాళ్లని సొంత నేల నుంచి ఓక్లహోమాకి తరిమేసినా ఆ పండుగని వదల్లేదు. న్యూజిలాండ్ మావోరీలు 'రాహుయి' అని కొన్ని తీరాల్లో కొంతకాలం చేపల వేట ఆపేస్తారు.

గోదారి వాడిగా నన్ను బాగా కదిలించింది మాత్రం సాల్మన్ చేప సంగతి. అది మన పులసకి అక్కచెల్లెలు లాంటిది: సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. అమెరికా వాయవ్య తీరంలో కొలంబియా నది ఒడ్డు తెగలు ఏటా పడిన మొదటి సాల్మన్‌ని ఒక్కరే తినరు. అందరికీ ముక్క పంచి, ఎముకలు మళ్లీ నదిలో వదులుతారు. ఆ తంతు పూర్తయ్యేదాకా వేట నిలిపేవారు. ఆ వ్యవధిలో ఎన్నో చేపలు పైకి వెళ్లి గుడ్లు పెట్టుకునేవి. మనం? వరద ఎర్రనీరు తగలగానే మొదటి పులసకి వేలం పాట. గుడ్లతో ఉన్నదయితే ఇంకా ఎక్కువ రేటు. దాటిపోయినవి ధవళేశ్వరం దగ్గర ఆగిపోతాయి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది, మంచిదే. కానీ పులస గోదారిలోకి వచ్చేది ఆ తరవాత.

ఆచారం ఎంత గట్టిదైనా, ఆ చోటు పోతే కష్టమే. కొలంబియా మీద సెలైలో జలపాతం దగ్గర వేల ఏళ్లుగా సాల్మన్ పట్టేవారు. 1957 మార్చి 10న ది డాల్స్ డ్యామ్ గేట్లు మూయగానే అది కొన్ని గంటల్లో మునిగిపోయింది. అక్కడివాళ్లు ఇప్పటికీ వసంతంలో మొదటి సాల్మన్ విందు చేస్తున్నారు. పోయిన చోటు తిరిగొచ్చిన సందర్భమూ ఉంది: అదే వాయవ్య తీరంలో ఎల్వా అనే మరో నది మీది రెండు డ్యాములని 2011–14 మధ్య తొలగించారు. 2023లో క్లాలం తెగవాళ్లు ఆ నదిలో మళ్లీ చేపలు పట్టుకున్నారు.

పోలవరం ముంపులో ఊళ్లు వదిలిన కొండరెడ్ల గురించి ఆలోచించినప్పుడల్లా ఇవే గుర్తొస్తాయి. ఇళ్లకి లెక్క కట్టవచ్చు. కొత్త చేసుకునే మామిడిచెట్టునీ, టెంక నానబెట్టే వాగునీ ఏ కాలనీలో కట్టిస్తారు? నిర్వాసితుల జాబితాలో చెట్లనీ, వాగునీ, దేవత ఉండే చోటునీ కూడా రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఎండాకాలంలో మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. రోడ్డు పక్క కాయలు విరగకాశాయి కదా అని కోయకండి, ఆ ఊరికి కొత్త అయిందో లేదో ముందు అడగండి. భూమి పండుగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బండి ఆపితే కంగారు పడకండి. మగవాళ్లు వేటకి వెళ్లినప్పుడు వాళ్లు అలా పండుగ డబ్బులు అడుగుతారు. దిగి, తోచినంత ఇచ్చి, వాళ్ల పాట ఒకటి విని వెళ్లండి.