మోసిన్ నగాంట్ మీది కాస్మొలీన్ వదలాలంటే

సర్‌ప్లస్‌లో (సైన్యం వదిలించుకున్న మిగులు సరుకులో) కొన్న పాత రష్యన్ రైఫిల్ మోసిన్ 91/30 ఒళ్లంతా గోధుమరంగు జిడ్డు, గిన్నెల సబ్బుతో రుద్దినా పోవట్లేదు, పెట్రోల్‌తో కడగొచ్చా అని కదా అడిగారు. పెట్రోల్ జోలికి వెళ్లకండి. దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పైగా అవసరమే లేదు. ఆ జిడ్డే కాస్మొలీన్, అంటే తుప్పు పట్టకుండా పూసే పెట్రోలియం మైనమే, సుమారు 50 డిగ్రీల సెల్సియస్‌కి కరిగి జారిపోతుంది. సబ్బు చేయలేనిది వేడి చేస్తుంది.

ముందు తుపాకీ ఖాళీ అని కళ్లతో చూసి, వేలు పెట్టి నిర్ధారించుకోండి. బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) తెరిచి వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే బయటికి వచ్చేస్తుంది. క్లీనింగ్ రాడ్, బ్యారెల్ బ్యాండ్లు, మ్యాగజైన్ దగ్గరొకటి, వెనకొకటి ఉండే రెండు స్క్రూలు తీస్తే ఇనుమూ కర్రా విడిపోతాయి. ఈ రెండింటికీ వైద్యం వేరు.

ఇనుప భాగాలను పొడవాటి తొట్టెలో పెట్టి సలసల మరిగే నీళ్లు పోయండి. బ్యారెల్‌లోకి చాంబర్ (తూటా కూర్చునే వెనక భాగం) వైపు నుంచి గరాటుతో పోయాలి. అయిదు పది నిమిషాల్లో జిడ్డు పైకి తేలుతుంది. ఆ నీళ్లు సింకులో పోశారో, పైపులో గడ్డకట్టి ప్లంబర్ని పిలిపిస్తుంది. వేడి ఇనుము తనంతట తనే ఆరుతుంది, ఆరగానే నూనె రాయండి. ఆలస్యమైతే నిమిషాల్లో ఎర్రటి తుప్పు పొర కడుతుంది. మిగిలిన మూలల్లో మినరల్ స్పిరిట్స్ (పెయింట్ పలచన చేసే ద్రావకం), పళ్ల బ్రష్. ఇది ఆరుబయట, మంటకు దూరంగా.

అందరూ వదిలేసేది చాంబర్. అందులో గట్టిపడిన జిడ్డు నాలుగు గుళ్లు కాల్చగానే వేడెక్కి తూటా గుల్లను అంటిస్తుంది, బోల్ట్ కదలదు. 20 గేజ్ షాట్‌గన్‌కి వాడే కంచు బ్రష్‌ను డ్రిల్‌కి తగిలించి, మినరల్ స్పిరిట్స్‌తో తడిపి, నెమ్మదిగా ఒక నిమిషం తిప్పండి.

బోల్ట్ లోపలా జిడ్డే. ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచి పేల్చే సూది) మరతిప్పి తీయాలి. తిరిగి బిగించాక మొన ఎంత పొడుచుకొచ్చిందో ఈ రైఫిల్ కోసమే చేసిన రష్యన్ స్క్రూడ్రైవర్ పనిముట్టు మీది గాట్లతో చూడండి: 75 గాటుకి తగలాలి, 95 గాటులోంచి తగలకుండా పోవాలి. తక్కువైతే పేలదు. ఎక్కువైతే ప్రైమర్ (తూటా అడుగున పేలే చిన్న మూత) చిల్లుపడి వేడి గ్యాస్ మొహం మీదికొస్తుంది.

ఇక కర్ర. సోవియట్ ఆయుధశాలల్లో దాని మీద పూసింది షెల్లాక్, అంటే మన లక్కే. లాడ్ బజార్ గాజులదీ అదే సరుకు. అందుకే ఆల్కహాల్, అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. డిష్‌వాషర్‌లో పెట్టే వాళ్లూ ఉన్నారు, కర్ర నార లేచి పాత ముద్రలు చెరిగిపోతాయి. పేపర్ టవల్స్ చుట్టి, నల్ల చెత్త సంచిలో కట్టి, ఎండలో నిలిపిన కారులో పెట్టండి. గంటకోసారి జిడ్డు పీల్చిన కాగితం మార్చండి. రెండు మూడు ఎండలు పడుతుంది. హీట్ గన్‌కి మాత్రం లక్క బొబ్బలెక్కుతుంది. చివర్లో మినరల్ స్పిరిట్స్‌తో తడి చేసిన గుడ్డతో తుడిస్తే చాలు. ఆ గుడ్డలు ఉండచుట్టి పారేయకండి, బయట పరిచి ఆరబెట్టండి.

కాల్చే ముందు బ్యారెల్‌లో దూర్చిన గుడ్డముక్క తెల్లగా బయటికి రావాలి. లోపల గ్రీజు ఉంటే పీడనం పెరుగుతుంది. పాత సర్‌ప్లస్ తూటాల ప్రైమర్ తుప్పు పట్టించే ఉప్పు వదులుతుంది, దాన్ని నూనె కరిగించలేదు. కాల్చిన రోజే వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, నూనె పట్టించండి.